రెజ్యూమె ఫార్వర్డ్ చేస్తే సాయం చేసినట్టేనా?

మే, జూన్ నెలలు వచ్చాయంటే మామిడిపళ్ళతో పాటు రెజ్యూమెలు కూడా వస్తాయి. చిన్నాన్నగారి అబ్బాయి, పక్కింటివాళ్ళ అమ్మాయి, ఊళ్ళో కిరాణా కొట్టాయన మేనల్లుడు, ఎప్పుడో పెళ్ళిలో కలిసిన పెద్దాయన కొడుకు... అందరిదీ ఒకటే మాట. "అన్నా, బీటెక్ అయిపోయింది, మీ కంపెనీలో ఏమైనా ఓపెనింగ్స్ ఉంటే చూడు." దాని కింద ఒక పీడీఎఫ్. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే తెలుగువాళ్ళెవరికీ ఇది కొత్త కాదు.

దీనికి మనవాళ్ళ దగ్గర మూడు రెడీమేడ్ జవాబులున్నాయి. ఒకటి, "పంపించు, హెచ్చార్‌కి ఫార్వర్డ్ చేస్తా." రెండు, "ఇప్పుడంతా ఏఐ కదా, అది నేర్చుకో." మూడోది కాస్త గొంతు తగ్గించి చెప్పేది, "రెండేళ్ళు ఎక్స్‌పీరియెన్స్ పెట్టేసుకో, అందరూ చేసేది అదే." నా లెక్కలో మొదటి రెండింటి వల్లా పైసా ఉపయోగం లేదు, మూడోది ద్రోహం. కొంచెం ఘాటుగా ఉందా? ఎందుకంటున్నానో చెప్తాను.

ముందు ఫార్వర్డ్ సంగతి. రిఫరల్ అంటే ఏమవుతుందో మనకి తెలుసు, అవతలివాళ్ళకి తెలీదు. మనం మేనేజర్ దగ్గరికెళ్ళి "మావాడే సార్" అంటామని, ఆయన "సరే, సోమవారం నుంచి రమ్మనండి" అంటాడని వాళ్ళ ఊహ. నిజంగా జరిగేదేంటి? కంపెనీ పోర్టల్‌లో పేరు, మెయిల్ ఐడీ కొట్టి, పీడీఎఫ్ ఎక్కించి, సబ్మిట్ నొక్కుతాం. ఆ ఉద్యోగానికి మూడేళ్ళ అనుభవం కావాలని రాసుంటే, కుర్రాడి రెజ్యూమె చాలాసార్లు ఏ మనిషీ తెరవకుండానే పక్కకి పోతుంది. పెద్ద సర్వీస్ కంపెనీలు ఫ్రెషర్స్‌ని ఎక్కువగా తీసుకునేది కాలేజీ క్యాంపస్‌ల నుంచి, లేదంటే టీసీఎస్ వాళ్ళ నేషనల్ క్వాలిఫయర్ టెస్ట్ లాంటి పరీక్షలు పెట్టి. అక్కడ మన రిఫరల్ చేసేది పెద్దగా ఏమీ లేదు.

కానీ మనం "పంపించా" అంటాం. అక్కడ ఆ పిల్లాడు రోజూ మెయిల్ చూసుకుంటూ కూర్చుంటాడు. వాళ్ళ నాన్న "హైదరాబాద్‌లో మావాడొకడు చూస్తున్నాడు" అని నలుగురికీ చెప్పుకుంటాడు. అలా మూడు నెలలు పోతాయి. ఆ మూడు నెలలు అతనివి, మనవి కాదు. "మా దగ్గర ఇప్పుడు ఫ్రెషర్స్‌ని తీసుకోవట్లేదు తమ్ముడూ" అని మొదటి రోజే చెప్పేస్తే అతనికి కనీసం టైమైనా మిగులుతుంది. మొహమాటానికి పోయి ఆశ పెట్టడం కంటే అది నయం.

రెండో విషయం, ఉద్యోగం రాకపోవడం అంతా ఆ పిల్లల తప్పేనన్నట్టు మాట్లాడతాం. "మా బ్యాచ్‌లో అందరికీ వచ్చాయే!" వచ్చాయి, నిజమే. 2021-22లో ఒక్క టీసీఎస్సే లక్షమంది ఫ్రెషర్స్‌ని తీసుకుంది. ఆ తర్వాత 2023-24లో అదే కంపెనీలో మొత్తం ఉద్యోగుల సంఖ్య 13,249 తగ్గింది. ఇన్ఫోసిస్‌లో అదే సంవత్సరం 25,994 తగ్గింది. 2025 జూలైలో టీసీఎస్ దాదాపు 12,000 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించింది. 2021లో పాసైనవాడు, 2024లో పాసైనవాడు ఒకే కాలేజీలో, ఒకే సిలబస్ చదివుండొచ్చు. ఒకడు వరదలో పడవెక్కాడు, రెండోవాడు వచ్చేసరికి ఏరు ఎండిపోయింది. 2001లో డాట్‌కామ్ కంపెనీలు మూతపడ్డప్పుడు, 2008-09 మాంద్యంలో, పాసైన బ్యాచ్‌లదీ ఇదే కథ. మన సీనియర్లనెవరినైనా అడగండి, చెప్తారు. ఈ మాట ఆ పిల్లలకి కాకపోయినా వాళ్ళ అమ్మానాన్నలకి తప్పక చెప్పాలి. ఎందుకో తర్వాత చెప్తాను.

ఇక "ఏఐ నేర్చుకో". ఇది "బాగా చదువుకో బాబూ" అన్నట్టే ఉంటుంది. ఏం నేర్చుకోవాలి? ఏ గణితంతో మొదలుపెట్టాలి? చాట్‌జీపీటీ వాడటం నేర్చుకోవడమా, మోడల్స్ తయారు చెయ్యడం నేర్చుకోవడమా? చెప్పినవాడికే తెలీదు. మన పనిలో వచ్చిన మార్పేంటో మనం రోజూ చూస్తున్నాం. ఇదివరకు ఫ్రెషర్‌కిచ్చే చిన్నాచితకా పనులు, అంటే నాలుగు యూనిట్ టెస్టులు రాయడం, ఒక ఫారానికి ఇంకో ఫీల్డు కలపడం లాంటివి, ఇప్పుడు చాలామటుకు టూల్స్‌తో అయిపోతున్నాయి. కాబట్టి అడిగే ప్రశ్న మారింది. టూల్ ఇచ్చిన కోడ్‌లో తప్పుంటే పట్టుకోగలవా? లాగ్ చదవగలవా? రెండు టేబుల్స్ జాయిన్ చేస్తే వరసలు ఎందుకు రెట్టింపయ్యాయో చెప్పగలవా? గిట్‌లో కాన్‌ఫ్లిక్ట్ వస్తే కంగారుపడకుండా తీర్చగలవా? ఇవేవీ కొత్త సంగతులు కావు. "ఏఐ నేర్చుకో" అనే బదులు ఈ నాలుగూ చెప్పండి, మొదలుపెట్టడానికి అతనికి ఏదో ఒకటి దొరుకుతుంది.

మూడో జవాబు దగ్గరికొద్దాం. అసలు ఇదంతా మొదలెట్టింది దీని గురించే.

అమీర్‌పేటని నేను తిట్టను. మైత్రీవనం చుట్టుపక్కల ఇన్‌స్టిట్యూట్‌లు లేకపోతే మనలో చాలామంది ఇవాళ ఇక్కడ ఉండేవాళ్ళు కాదు. మెయిన్‌ఫ్రేమ్స్, జావా, డాట్‌నెట్, సాప్, హడూప్, డెవాప్స్... కాలేజీలు చెప్పలేని వాటిని ఇరుకు గదుల్లో, తక్కువ ఫీజులకి చెప్పారు. చెప్పినంతవరకు అది చదువే. చదువు అమ్మడం ఆపి అనుభవం అమ్మడం మొదలెట్టిన చోటే తేడా వస్తుంది. ఎప్పుడూ పనిచెయ్యని కంపెనీ పేరుతో ఆఫర్ లెటరు, పేస్లిప్పులు, రిలీవింగ్ లెటరు, ఫోన్ చేస్తే "అవును, మా ఉద్యోగే" అని చెప్పడానికి ఒక మనిషి. దీన్ని ప్యాకేజీ అంటారు. రేటు లక్షల్లో ఉంటుంది.

ఒకప్పుడు ఇది నడిచిపోయిందేమో. ఇప్పుడు పట్టుకోవడానికి పెద్ద డిటెక్టివ్ అక్కర్లేదు. 2014 నుంచి పీఎఫ్ ఉన్న ప్రతి ఉద్యోగికీ యూఏఎన్ నంబరుంది. ఎప్పుడు, ఏ కంపెనీలో చేరాడో, ఎప్పుడు మానేశాడో ఈపీఎఫ్‌వో రికార్డులో కనిపిస్తుంది. ఆదాయపు పన్ను శాఖ దగ్గర జీతం వివరాలు వేరే ఉంటాయి. బ్యాంకు స్టేట్‌మెంటు అడిగితే జీతం పడ్డట్టు చూపించాలి. ఒకటి దొంగది తయారు చెయ్యొచ్చు, మూడూ ఒకదానికొకటి సరిపోయేలా చెయ్యడం కష్టం. పైగా బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేరిన తర్వాత కూడా జరగొచ్చు. చేరిన ఎనిమిది నెలలకి లాప్‌టాప్ తీసేసుకుని గేటు దాకా దిగబెడితే, ఆ కుర్రాడు ఊళ్ళో ఏం చెప్పుకుంటాడు? ఈసారి అతను ఫ్రెషరూ కాదు, అనుభవమున్నవాడూ కాదు.

ఇంకో సంగతి. దొంగ అనుభవంతో చేరినవాడు కూర్చున్న కుర్చీ నిజాయితీగా "ఫ్రెషర్" అని రాసుకున్న ఇంకో పిల్లదో, పిల్లాడిదో. "అందరూ చేసేది అదే" అన్నప్పుడల్లా మనం వాళ్ళకి చేతకానివాళ్ళని ముద్ర వేస్తున్నట్టే.

అన్నిటికంటే ముఖ్యంగా, ఉద్యోగం కోసం ఎవడికీ డబ్బు కట్టొద్దని గట్టిగా చెప్పాల్సింది మనమే. బ్యాక్‌డోర్ అనో, సెక్యూరిటీ డిపాజిట్ అనో, ట్రైనింగ్ ప్లస్ ప్లేస్‌మెంట్ అనో, పేరేదైనా సరే. జీతమిచ్చేవాడు డబ్బు అడగడు. అడిగాడంటే అక్కడ అసలు వ్యాపారం ఉద్యోగం కాదు, ఆ డిపాజిట్టే. ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో కూడా మనకి తెలుసు. అర ఎకరం అమ్మితేనో, అమ్మ నగలు బ్యాంకులో పెడితేనో వస్తుంది. అసలు సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంటామంటే కూడా ఇవ్వొద్దు, చూపించి వెనక్కి తెచ్చుకోవాలి. బాండు కాగితం మీద సంతకం పెట్టేముందు చదవాలి. "బాండులు కోర్టులో నిలబడవులే" అని మనవాళ్ళు తేలిగ్గా అనేస్తారు గానీ, 2025 మేలో సుప్రీంకోర్టు విజయా బ్యాంకు కేసులో, మూడేళ్ళు చెయ్యకుండా మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని చెప్పింది. ప్రతి బాండూ చెల్లుతుందని దీనర్థం కాదు. చదవకుండా సంతకం పెట్టొద్దని మాత్రం అర్థం.

విదేశీ ఉద్యోగమైతే ఇంకా జాగ్రత్త. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కాంబోడియా వ్యవహారం గుర్తుందా? డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి తీసుకెళ్ళి, పాస్‌పోర్టులు లాక్కుని, మనవాళ్ళ చేతే మనవాళ్ళని మోసం చేసే సైబర్ నేరాలు చేయించారు. వెళ్ళినవాళ్ళు అత్యాశపరులేం కాదు, ఉద్యోగం లేక ఇంట్లో కూర్చున్న కుర్రాళ్ళు. విదేశాంగ శాఖ వాళ్ళ ఈ-మైగ్రేట్ సైట్లో రిజిస్టరైన ఏజెంట్ల జాబితా ఉంటుంది. ఏజెంటు తీసుకోగలిగే గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ. ఈ రెండు ముక్కలు మనం ఫోన్లో చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు.

సరే, అన్నిటికీ వద్దు వద్దు అంటే మరి ఏం చెయ్యమంటావ్ అంటారా? దారులున్నాయి. కాకపోతే మనం నడిచిన దారి ఒక్కటే మనకి కనిపిస్తుంది కాబట్టి, వచ్చినవాళ్ళందరికీ అదే చూపిస్తున్నాం.

ఒకటి, అప్రెంటిస్‌షిప్. 1961 నాటి అప్రెంటిసెస్ చట్టం కింద కేంద్ర ప్రభుత్వం నడిపే నాట్స్ పథకంలో డిగ్రీ అయినవాళ్ళు ఏడాదిపాటు కంపెనీలో పనిచేస్తూ నేర్చుకోవచ్చు. 2019 నిబంధనల్లో గ్రాడ్యుయేట్లకి కనీస స్టైపెండు నెలకి 9,000గా పెట్టారు. దక్షిణాది రాష్ట్రాల వ్యవహారం చెన్నైలోని బోర్డు చూస్తుంది. హైదరాబాద్‌లో ఈసీఐఎల్, బీడీఎల్ లాంటి ప్రభుత్వరంగ సంస్థలు గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌లని తీసుకుంటాయి. ఇంతేనా అని మొహం చిట్లించకండి. పేరున్న సంస్థలో నిజంగా ఏడాది పనిచేసినట్టు సర్టిఫికెట్ వస్తుంది. లక్షలు పోసి కొనే దొంగ అనుభవం పక్కన ఇది పెట్టి చూడండి.

రెండు, సీడాక్. ఆరునెలల పీజీ డిప్లొమా, దానికి సీ-క్యాట్ అని ప్రవేశ పరీక్ష. హైదరాబాద్‌లోనూ సెంటరుంది. ఫీజుంటుంది, కానీ అది చదువుకి కట్టే ఫీజు, అక్కడికి క్యాంపస్‌కి కంపెనీలూ వస్తాయి.

మూడు, గేట్. స్కోరు మూడేళ్ళు పనికొస్తుంది. దాంతో ఎంటెక్ చేస్తే నెలకి 12,400 స్టైపెండు. ఎన్టీపీసీ, పవర్‌గ్రిడ్ లాంటి సంస్థలు గేట్ స్కోరు చూసి ఉద్యోగాలిస్తాయి. మెకానికల్, ఎలక్ట్రికల్, సివిల్ చదివిన పిల్లలకి ఈ మాట చెప్పకుండా, అందరినీ జావా కోర్సులోకి తోలడం మన అలవాటైపోయింది.

నాలుగు, బ్యాంకులు. ఐబీపీఎస్ స్పెషలిస్ట్ ఆఫీసర్ పరీక్షలో ఐటీ ఆఫీసర్ పోస్టులుంటాయని కంప్యూటర్స్, ఎలక్ట్రానిక్స్ చదివిన పిల్లల్లోనే చాలామందికి తెలీదు. రాష్ట్ర ప్రభుత్వ ఏఈ పోస్టులు కూడా ఉన్నాయి గానీ, వాటినొక్కటే నమ్ముకుని ఏళ్ళు కూర్చోమని చెప్పలేను. 2023 మార్చిలో తెలంగాణలో ఏఈ పరీక్ష పేపరు లీకై పరీక్షే రద్దయింది. ప్రిపేరైన పిల్లల కష్టం అంతా మళ్ళీ మొదటికొచ్చింది.

ఐదు, బీఎస్సీ, బీసీఏ వాళ్ళు. వీళ్ళని మనం అసలు లెక్కలోకే తీసుకోం. విప్రో వాళ్ళ విల్ప్ లాంటి కార్యక్రమాల్లో ఉద్యోగం చేస్తూనే ఎంటెక్ చదివే వీలుంది.

ఆరు, చిన్న కంపెనీలు, సపోర్టు, టెస్టింగ్. "నైట్ షిఫ్టా? సపోర్టా? ఛీ" అనేది మనమే. ప్రొడక్షన్‌లో సిస్టం పడిపోతే అర్ధరాత్రి లేచి లాగ్స్ చదివినవాడికి వచ్చే పట్టు, ఏసీ గదిలో ట్యుటోరియల్ చూస్తే రాదు.

ఎమ్మెస్ సంగతి కూడా ఒక మాట. చదువు మీద ఇష్టముంటే వెళ్ళాలి, వద్దనను. ఇక్కడ ఉద్యోగం రాలేదు కాబట్టి అక్కడికి అనుకుంటే మాత్రం, నలభై లక్షల అప్పుతో అదే వెతుకులాట అక్కడ మొదలెట్టినట్టు. 2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక ఆ లెక్క ఇంకా జాగ్రత్తగా వేసుకోవాలి.

ఇప్పుడు మనం చెయ్యగలిగిన అసలు సాయం. నేనడిగేది ఒక మనిషికి ఒక గంట, అంతే.

ఆ గంటలో మొదట రెజ్యూమె చదవండి. నిజంగా చదవండి. చాలావాటిలో మొదటి వాక్యం "సవాళ్ళతో కూడిన సంస్థలో నా నైపుణ్యాలు వినియోగించి..." అని ఉంటుంది, అది కొట్టేయండి. తర్వాత ఫైనలియర్ ప్రాజెక్టు. అది కొన్నదో కాదో ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది, "ఇందులో నువ్వు రాసిన ఒక్క ఫంక్షన్ చూపించు." చూపించలేకపోతే తిట్టకండి. "నీ చేత్తో చేసింది ఇంకేదైనా ఉందా?" అని అడగండి.

మా పెద్దమ్మగారి ఊళ్ళో ఒక ఈసీఈ అబ్బాయి ఉన్నాడు. రెజ్యూమె నిండా మెషిన్ లెర్నింగ్. అడిగితే ఒక్కటీ రాదు. మాటల్లో తెలిసిందేంటంటే, వాళ్ళ పొలంలో బోరు మోటారు మొబైల్ స్టార్టర్ పాడైతే విప్పి, లోపలి జీఎస్ఎం మాడ్యూల్ మార్చి, తర్వాత ఊళ్ళో ఇంకో పదిమందికి కూడా బాగుచేసి పెట్టాడట! ఇది రెజ్యూమెలో ఎందుకు రాయలేదురా అంటే, "అది రిపేరు కదన్నా, ప్రాజెక్టు ఎలా అవుతుంది?" అన్నాడు. ఉన్న మెషిన్ లెర్నింగంతా తీయించి ఇది పైన పెట్టించాను. ఇప్పుడు ఒక చిన్న కంపెనీలో ఎంబెడెడ్ పని చేస్తున్నాడు. జీతం గొప్పదేం కాదు. ఇంటర్వ్యూలో మాత్రం అరగంట ఆ స్టార్టర్ గురించే మాట్లాడించారట, తడుముకోకుండా చెప్పాడట. చేసిన పని గురించి చెప్పడానికి తడుముకోవాల్సిన అవసరమేముంది?

రెజ్యూమె అయ్యాక ఒక అరగంట ఉత్తుత్తి ఇంటర్వ్యూ పెట్టండి. ముందు తెలుగులో, అవే ప్రశ్నలు మళ్ళీ ఇంగ్లీషులో. తెలుగులో గడగడా చెప్పిన పిల్ల ఇంగ్లీషులో ఆగిపోయిందంటే సమస్య సబ్జెక్టు కాదని ఇద్దరికీ తెలుస్తుంది. అది ఆ పిల్లకి ఎంత ధైర్యమో మీరే చూస్తారు. చదువుకోవాల్సినవి నాలుగుంటే ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ పాఠాలు ఉచితంగా ఉన్నాయని చెప్పండి. ఓపెన్ సోర్స్ మీద ఆసక్తి ఉంటే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2022 నుంచి విద్యార్థులు కానివాళ్ళకి కూడా తెరిచారని చెప్పండి.

ఆఖర్న ఒక ఫోన్ కాల్. ఇది అన్నిటికంటే ముఖ్యమని నా నమ్మకం. పిల్లాడికి కాదు, వాళ్ళ నాన్నకి. "బాబాయ్, ఈ రెండు మూడేళ్ళు మార్కెట్ ఇలా ఉంది, వాడి తప్పు కాదు. ఒక ఆరునెలలు టైమివ్వండి, ఎవరికీ డబ్బులు కట్టకండి, కట్టేముందు నాకొక్క ఫోన్ చెయ్యండి." అంతే. మన మాటకి ఇంట్లో ఉన్న విలువ ఆ పిల్లల మాటకి ఉండదు. ఆడపిల్లలైతే మరీను. "ఉద్యోగం ఎలాగూ రాలేదు కదా" అని సంబంధాలు చూడ్డం మొదలెడతారు. ఆ పిల్ల నాలుగేళ్ళు చదివిన చదువు అక్కడితో ఆగిపోతుంది. మనం చేసిన ఒక్క ఫోన్ ఆరునెలలు కొనిపెట్టగలిగితే, ఏ రిఫరలూ దానికి సాటి రాదు.

"మా ఉద్యోగాలకే దిక్కు లేదు, ఊళ్ళోవాళ్ళ పిల్లలకి ఎక్కడ టైముంది?" అంటారేమో. నిజమే, మన మెడ మీదా కత్తి వేలాడుతోంది. అయితే రేపు మనల్ని తీసేస్తే మనం చేసేదీ ఇదే కదా, నలుగురికి రెజ్యూమె పంపించి జవాబు కోసం ఎదురుచూడటం. ఇంకొందరు, "ఒకడికి చేస్తే పదిమంది నెత్తినెక్కుతారు" అంటారు. పదిమందికి చెయ్యక్కర్లేదు, చెయ్యలేం కూడా. ఏడాదికి ఒక్కరు. మిగతావాళ్ళకి మొహమాటం లేకుండా "మా దగ్గర లేవు" అని చెప్పండి, పైన రాసిన దారులు చెప్పండి. అందరికీ ఉద్యోగాలొచ్చేస్తాయని నేననట్లేదు. ఒక గంట కూర్చున్నాక "నీకు ఇది సరిపడదేమో, సివిల్‌లోనే ఉండు" అని తేలినా అదీ సాయమే.

ఈ సీజన్‌లో మీ ఫోన్లోకొచ్చిన పీడీఎఫ్‌లలో ఒకటి తెరవండి. ఆదివారం పొద్దున పదకొండింటికి టైమివ్వండి. లాప్‌టాప్ కూడా తెచ్చుకోమనండి.